మీ పక్కసీటు వాళ్ళు వచ్చారా?

శవం కాళ్ళకు ఉన్ని చెప్పులున్నాయి.

గుడ్రున్ కళ్ళు ముందు వాటి మీదే పడ్డాయి. తల కింద గడ్డకట్టిన రక్తం, పగిలిన కళ్ళద్దాలు, గోడవారకు దొర్లిపోయిన టోపీ ఆ తర్వాత కనపడ్డాయి. జిల్లా పోలీసులో ఇరవై రెండేళ్ళుగా ఇన్‌స్పెక్టర్‌గా చేస్తోంది కాబట్టి శవాన్ని చూసి ఆమె బెదరలేదు. కానీ ఆ చెప్పుల్ని చూస్తుంటే ఎందుకో లోపల చలి పుట్టింది.

పోయినాయన పేరు ఓట్‌మార్ హైనిగ్. కోర్టు గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఒంటరివాడు. ఒకరోజు యాత్ర బస్సులో వచ్చాడు. పొద్దున ఒక కోట, పన్నెండింటికి ఈ గ్రైఫెనెక్ కోట, ఆ తర్వాత ఆల్టెన్‌ఫెల్స్ పాత ఊరు, ఐదింటికి తిరుగు ప్రయాణం. బస్సు ఆయన్ని ఇక్కడే వదిలేసి పాత ఊరికి వెళ్ళిపోయింది. కోటవాళ్ళు భోజనాలకు మూసి, మళ్ళీ రెండింటికి తెరిచేసరికి బురుజు మెట్ల అడుగున ఈయన ఉన్నాడు.

"ఇంకా ఏం చూస్తారు గుడ్రున్ గారూ? చెప్పులు జారాయి, ముసలాయన పడ్డాడు. అంతే సంగతి."

ఆ మాటన్నది ఆర్నో. ఒకప్పుడు గుడ్రున్ చేతి కింద రిపోర్టులు రాసి, వాటిలో తప్పులు దిద్దించుకున్న మనిషి. ఇప్పుడు రాష్ట్ర కార్యాలయం నుంచి వచ్చాడు. కొత్త ఓవర్‌కోటు, చేతిలో ఫోను. 'గారూ' అన్న మాటను కొంచెం సాగదీసి అనడం కూడా కొత్తగానే నేర్చుకున్నట్టున్నాడు.

గుడ్రున్ కోట కాపలాదారు క్లెమెన్స్ వైపు తిరిగింది. "ఈ చెప్పుల పద్ధతి ఏమిటో నాకోసారి చెప్పండి."

"గదుల్లో చెక్కనేల గీతలు పడకుండా అందరూ బూట్ల మీదే ఇవి తొడుక్కోవాలమ్మా," అన్నాడు క్లెమెన్స్. "బురుజు దగ్గరికి రాగానే విప్పి ఆ పెట్టెలో పడేయాలి. రాతి మెట్ల మీద ఇవి జారతాయి. నేను ప్రతి గుంపుకీ ఇక్కడ నిలబడి గొంతు చించుకుని చెప్తాను. వీళ్ళకీ చెప్పాను. అందరూ విప్పారనే అనుకుంటున్నా."

"అనుకుంటున్నాడట," అన్నాడు ఆర్నో. "ముసలాయన విప్పలేదు. వయసైపోయింది, వంగలేకపోయాడు."

గుడ్రున్ చేతికి తొడుగు వేసుకుని ఒక చెప్పును మెల్లగా లాగింది. అడుగుభాగం తిప్పి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. నేలకు పూసే మైనం వాసన. ఉన్ని నల్లగా నిగనిగలాడుతోంది.

తర్వాత చెప్పు కింద ఉన్న బూటు అడుగు చూసింది.

తెల్లగా ఉంది.

"ఆర్నో, నీ బూట్లు చూసుకో."

అతను చూసుకున్నాడు. ఖరీదైన నల్లబూట్లు పిండిలో తొక్కినట్టున్నాయి. బురుజు లోపల మరమ్మతులు జరుగుతున్నాయి. మెట్ల మీద సున్నపుపొడి మందంగా పరుచుకుని ఉంది. ఎక్కి దిగిన ఎవరి కాళ్ళకైనా అది అంటుకోక మానదు.

"ఈయన చెప్పులతో పైకెక్కి ఉంటే ఈ పొడంతా ఉన్నికి పట్టాలి, బూటుకి పట్టకూడదు," అంది గుడ్రున్. "ఇక్కడ చూడు. ఉన్ని శుభ్రంగా ఉంది, బూటేమో తెల్లగా ఉంది. ఈయన బూట్లతోనే ఎక్కాడు. బూట్లతోనే పడ్డాడు. పడ్డాక ఎవరో పెట్టెలోంచి ఒక జత తీసి ఈయనకి తొడిగారు."

ఆ మాట పైకి అన్నాక గానీ అందులోని భయం ఆమెకు పూర్తిగా తెలియలేదు. బయట జనం నవ్వుతూ ఫోటోలు తీసుకుంటుంటే, ఎవడో ఇక్కడ ఈ చీకట్లో గొంతుక్కూర్చుని, ఇంకా వెచ్చగా ఉన్న కాలు ఒక్కొక్కటే ఎత్తి, చిన్నపిల్లాడికి తొడిగినట్టు చెప్పులు తొడిగాడు. తొందరపడలేదు. పట్టీ కూడా సరిచేశాడు.

క్లెమెన్స్ శిలువ గుర్తు వేసుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆర్నో మాత్రం తేలిగ్గా నవ్వాడు. "బాగుంది. మరి ఆ ఎవరో ఎవరు? బస్సులో వచ్చిన ప్రతివాళ్ళూ ఈ కాపలాదారు అరుపు విన్నారు కదా, చెప్పులు విప్పమని. చెప్పులతో మెట్లెక్కరని అందరికీ తెలుసు. తెలిసినవాడు శవానికి చెప్పులు తొడుగుతాడా? అంటే మీ లెక్క ప్రకారమే బస్సులో వాళ్ళెవరూ కాదు. కోట మూసి ఉంది, వేరే గుంపు లేదు. ఇక మిగిలింది దయ్యమే. దయ్యాన్ని అరెస్టు చేసే వారంటు నా దగ్గర లేదండీ."

గుడ్రున్ చేతిలోని చెప్పును మళ్ళీ తిప్పి చూసింది. అతను వెటకారంగా అన్నా, అన్నదాంట్లో న్యాయం ఉంది. అదే ఆమెను కలవరపెట్టింది.

"ఐదింటికి బస్సు బయల్దేరుతుంది," అన్నాడు ఆర్నో. "అంతా ముసలివాళ్ళు. పత్రికలవాళ్ళు పసిగట్టేలోపు ఇళ్ళకు చేరాలి. మనిషిని లెక్క చూసుకోకుండా వదిలేసిన ఆ గైడ్ మీద నిర్లక్ష్యం కేసు పెడతాను. నా రిపోర్టు సిద్ధంగా ఉంది."

"బస్సు కదిలితే హంతకుడు కూడా దాంట్లోనే ఇంటికి పోతాడు."

"ఆపగలిగితే ఆపండి. ఐదింటిదాకా మీ ఇష్టం."

*

ఆల్టెన్‌ఫెల్స్ పాత ఊరి గుమ్మం పక్కనున్న హోటల్లో యాత్రికులందర్నీ కూర్చోబెట్టారు. రేగుపళ్ళ కేకు, కాఫీ. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. చెంచాల చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ప్రతివాళ్ళూ పక్కవాళ్ళ చేతుల వైపు, బూట్ల వైపు దొంగచూపులు చూస్తున్నారు.

గైడ్ రోస్విత వంటగది పక్క చిన్నగదిలో ఉంది. యాభైకి దగ్గరపడ్డ మనిషి. గుంపుకి దారి చూపడానికి ఎత్తిపట్టుకునే ఎర్రగొడుగు ఒళ్ళో పెట్టుకుని, దాని పిడిని రెండు చేతులా బిగించి పట్టుకుంది.

"నన్ను ఆ బస్సెక్కమనకండి," అన్నదే ఆమె మొదటి మాట. "రెండు గంటల ప్రయాణం. నా వెనక వరసల్లో ఎక్కడో వాడు కూర్చుని ఉంటాడు. నేను వీపు చూపిస్తూ మైకులో కబుర్లు చెప్పాలి. నావల్ల కాదమ్మా."

"వాడు అంటున్నారు. ఎవరు?"

"తెలిస్తే చెప్పనా?"

"మొదట్నుంచీ చెప్పండి. కోట దగ్గర బయల్దేరేటప్పుడు తలలు లెక్కపెట్టారా?"

రోస్విత తల వంచుకుంది. "లెక్కపెట్టను. ఈ పనిలో ఎవరూ లెక్కపెట్టరు. వేలు చూపించి ఒకటి, రెండు అంటుంటే పెద్దవాళ్ళకి కోపం. మేమేం గొర్రెలమా అంటారు. అందుకని బస్సెక్కాక ఒక్క మాటే అడుగుతాం, 'మీ పక్కసీటు వాళ్ళు వచ్చారా?' అని. ఎవరి పక్కన ఖాళీ ఉంటే వాళ్ళు చెప్తారు. పొద్దున పట్టుకున్న సీటు సాయంత్రం దాకా మారరు కాబట్టి అది ఎప్పుడూ తప్పలేదు."

"ఇవాళ తప్పింది."

"హైనిగ్ గారు ఏడో వరసలో ఒక్కరే కూర్చున్నారు. పక్కన ఎవరూ లేరు." ఆమె కళ్ళు నిండాయి. "అయినా నేను మర్చిపోలేదండీ. ముందు తలుపు దగ్గర కింద నిలబడి ఉన్నాను. ఈ హోటలువాళ్ళు ఫోన్లో, కేకు ముక్కలు తక్కువొచ్చాయంటూ ప్రాణం తీస్తున్నారు. తల లోపలికి పెట్టి, 'పక్కసీటు వాళ్ళు వచ్చారా? ఏడో వరస ఆయన?' అని అడిగాను. లోపల్నుంచి మగగొంతు జవాబిచ్చింది. 'ఆయన టాయిలెట్‌లో ఉన్నారు. అంతా వచ్చేశారు, పదండి.' ఆ మాటలు నా చెవుల్లో అలాగే ఉన్నాయి."

"ఎవరి గొంతు?"

"తెలీదు. బస్సు మధ్యలోంచి వచ్చింది. గట్టిగా, నిబ్బరంగా. నాకు ఒక్కటే భయం. వాడి గొంతు నాకు తెలుసని వాడికి తెలుసు. వాడెవడో మాత్రం నాకు తెలీదు."

గుడ్రున్ ఆమె చేతి మీద చెయ్యి వేసింది. మంచుముక్కలా ఉంది.

"హైనిగ్ గారి గురించి ఇంకేమైనా? పొద్దున్నుంచీ ఏదైనా తేడాగా అనిపించిందా?"

"సీటు మారారు. మొదటి వరస కోసం అదనంగా డబ్బు కట్టారాయన, అద్దంలోంచి రోడ్డు కనపడుతుందని. ఎక్కారు, కూర్చున్నారు. పది నిమిషాలకే లేచి, మొహం తెల్లగా పెట్టుకుని, వెనక ఏడో వరసకి వెళ్ళిపోయారు. బస్సులో ఎవరూ అలా చెయ్యరు. మొదటి వరసలో పక్కన టెక్ల గారు ఉన్నారు కదా, ఆవిడ కబుర్లు భరించలేక పారిపోయారేమో అనుకుని నేను నవ్వుకున్నాను కూడా."

*

టెక్లకి ఎనభై దాటాయి. మూడో కేకుముక్క తింటోంది. ఇన్‌స్పెక్టర్ ఎదురుగా కూర్చోగానే పళ్ళెం పక్కకు జరిపింది.

"నన్నే అనుమానిస్తున్నావా అమ్మాయ్? అనుమానించు. నా బతుకులో మళ్ళీ ఎవరు అనుమానిస్తారు!"

"మీ పక్కన కూర్చున్నాయన ఎందుకు లేచిపోయారు?"

"నేనెక్కువ మాట్లాడతానని అందరూ అంటారులే. కానీ అప్పటికి నేనింకా మొదలే పెట్టలేదు. ఆయనే చెప్పుకుంటున్నాడు. కోర్టులో పనిచేశాట్ట, ఒకసారి చూసిన ముఖం చచ్చేదాకా మర్చిపోడట. అంటూ అంటూ ఆగిపోయాడు. ముందుకి చూస్తూ ఉండిపోయాడు, నోరు తెరిచి. 'ఏమయ్యా, గుండెల్లో నొప్పా?' అన్నాను. 'వెనక గాలి బాగుంటుంది' అని లేచిపోయాడు. వెనక గాలేమిటి నా మొహం!"

"ముందుకి అంటే? రోడ్డు మీద ఏం చూశారు?"

"ఏముంది, ఇంకా బయల్దేరలేదుగా. బస్సు నిలబడే ఉంది. గోడ ఎదురుగా." టెక్ల చెయ్యి విసిరి ఆ సంగతి కొట్టిపారేసింది. "నేనూ ఈ యాత్రలకి ఇరవై ఏళ్ళుగా వస్తున్నాను. ఇంత దరిద్రపు యాత్ర చూళ్ళేదు. మామూలుగా వచ్చే డ్రైవరుకి జ్వరం. ఎవర్నో తెచ్చారు. నీళ్ళ కాఫీ. ఎండిపోయిన కేకు. ఇక ఆ టాయిలెట్ సంగతి చెప్తే నువ్వు నమ్మవు. పొద్దున ఎక్కీ ఎక్కగానే, గైడ్ ఇంకా కింద టిక్కెట్లు చూస్తుండగానే, ఆ కొత్త డ్రైవరు బస్సు అదిరిపోయేలా అరిచాడు, టాయిలెట్ అలంకారానికేనట, ఎవరికైనా మరీ అంత అవసరమైతే..."

"గుడ్రున్ గారూ!"

గుమ్మంలో ఆర్నో. టెక్ల మాట సగంలో ఆగింది. గుడ్రున్ కూడా లేచింది. ముసలావిడ ఫిర్యాదులు వినే ఓపిక ఆమెకి ఆ క్షణంలో లేదు. తర్వాత దీనికి తనను తాను తిట్టుకోవాల్సి వస్తుందని అప్పుడామెకి తెలీదు.

"మగవాళ్ళందర్నీ నేనే అడిగాను," అన్నాడు ఆర్నో, అందరికీ వినపడేలా. "'ఆయన టాయిలెట్‌లో ఉన్నారు' అని అన్నది ఎవరని. ఎవరూ కాదట. ఎనిమిదో వరస దంపతులు ఆ మాట విన్నారట, కానీ మనిషిని చూళ్ళేదట. మధ్య తలుపు మెట్ల కిందినుంచి వినిపించిందట. ఎవరో తమ వంతు కోసం నిలబడ్డారనుకున్నారట. అంటే ఏమిటి? గొంతు ఉంది, మనిషి లేడు. మళ్ళీ మీ దయ్యమే."

"గొంతు ఉందని నువ్వే ఒప్పుకున్నావుగా."

"నేను ఒప్పుకునేది ఒక్కటే. ఆ గైడ్ తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి కథ అల్లింది. ముసలివాళ్ళు అవునన్నారు. అడిగిన తీరును బట్టి వాళ్ళు దేనికైనా అవునంటారు."

"ఏయ్ అబ్బాయ్," అంది టెక్ల వెనకనుంచి. "మా వయసొచ్చేసరికి నీకు మా జ్ఞాపకశక్తిలో సగమన్నా ఉంటుందేమో అప్పుడు చూద్దాం."

ఎవరో చిన్నగా నవ్వారు. ఆర్నో మొహం ఎర్రబడింది. గుడ్రున్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నాలుగున్నర అయింది. ఇంకో అరగంట మీది. ఆ తర్వాత మీరు ఫోన్ చేసినా ఎత్తను, చెప్తున్నాను."

"అరగంట చాలు. నేను, రోస్విత బస్సు దగ్గరికి వెళ్తున్నాం. ఆ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి. నాతో ఒక కానిస్టేబుల్ని పంపు."

"ఖాళీ బస్సు చూడటానికి కానిస్టేబులా?" అన్నాడు ఆర్నో.

*

ఊరిగోడ బయట, కందకం పక్కన బస్సు ఒక్కటే నిలబడి ఉంది. పొగమంచు దిగుతోంది. గోడ మీద బురుజుల తలలు అప్పటికే కనపడటం లేదు. రోస్విత గుడ్రున్ మోచేయి పట్టుకుని నడుస్తోంది.

ముందు తలుపు తెరిచే ఉంది. డ్రైవరు లోథర్ తన సీటు ముందు మోకాళ్ళ మీద కూర్చుని తడిగుడ్డతో నేల తుడుస్తున్నాడు. బలమైన మనిషి. మెడకి ఉన్ని మఫ్లర్ చుట్టుకున్నాడు. వాళ్ళని చూసి లేచి, గొంతు పట్టేసిందన్నట్టు మెడ చూపించాడు.

"జలుబు," అన్నాడు బొంగురుగా. గుసగుసలా ఉంది. "ఈ పెద్దాళ్ళు బస్సంతా సున్నం చేశారు మేడమ్."

"పొద్దున్నుంచీ ఈయనది ఇదే వరస," అంది రోస్విత మెల్లగా. "తల ఊపుతాడు, లేకపోతే లేదు. నాతో రెండు మాటలు మాట్లాడితే ఒట్టు."

"కోట దగ్గర మీరెక్కడున్నారు?" అని అడిగింది గుడ్రున్.

అతను తన సీటు చూపించి, చెంప కింద చెయ్యి పెట్టుకుని, నిద్రపోయానన్నట్టు కళ్ళు మూశాడు. కోటలు చూసి చూసి విసుగొచ్చిందన్నట్టు చెయ్యి విసిరాడు. గుడ్రున్ తల ఊపింది. ఆమె మనసు ఆ ఏడో వరస మీదే ఉంది.

"రోస్విత గారూ, మీరు అప్పుడు నిలబడ్డ చోటే నిలబడండి. అదే మాట అడగండి."

గుడ్రున్ నడవలోంచి వెళ్ళి మధ్య తలుపు దగ్గర మెట్లు దిగింది. అక్కడ చిన్న గొయ్యిలా ఉంది. ఒక పక్క బయటికి తలుపు, ఇంకో పక్క టాయిలెట్ తలుపు. అక్కడ నిలబడితే సీట్లలో వాళ్ళకి మనిషి కనపడడు. బయటినుంచి ఎక్కి, మాట అని, మళ్ళీ బయటికి దిగిపోవచ్చు.

ముందునుంచి రోస్విత గొంతు వచ్చింది. "మీ... మీ పక్కసీటు వాళ్ళు వచ్చారా? ఏడో వరస ఆయన?"

"ఆయన టాయిలెట్‌లో ఉన్నారు," అంది గుడ్రున్. "అంతా వచ్చేశారు, పదండి."

"అవును," అంది రోస్విత. ఏడుస్తోంది. "అచ్చం అక్కణ్ణుంచే. గొంతు ఇంకా బరువుగా ఉంది. మళ్ళీ ఒక్కసారి వింటే చాలు, దేవుడి మీద ఒట్టు, గుర్తుపట్టేస్తాను."

డ్రైవరు గుడ్డ పిండుతున్నవాడు ఆగాడు. మళ్ళీ పిండాడు.

గుడ్రున్ వెళ్ళి రోస్వితను గైడ్ సీట్లో, డ్రైవరు సీటు పక్కనే, కూర్చోబెట్టింది. "ఇక్కడ కూర్చుని ఊపిరి పీల్చుకోండి. బస్సు ఖాళీ. వాళ్ళంతా హోటల్లో ఉన్నారు, నేనిక్కడున్నాను. ఈ ఊళ్ళో మీకు ఇంతకన్నా భద్రమైన చోటు లేదు."

తర్వాత లోథర్‌తో అంది, "టాయిలెట్ లోపల చూడాలి. వాడు అందులో దాక్కుని ఉండొచ్చు."

అతను తల ఊపాడు. ముందు నడిచి, మెట్లు దిగి, జేబులోంచి తాళంచెవి తీసి తలుపు తెరిచాడు. మర్యాదగా పక్కకి జరిగాడు.

గుడ్రున్ లోపలికెళ్ళింది. మనిషి తిరగడానికి చోటు లేని గది. తలుపు ఆమె వెనక దానంతటదే మూసుకుంది. చేతిదీపం వేసింది.

సీటు మూత మీద కాగితం పట్టీ అతికించినట్టే ఉంది. కాగితం చుట్ట మొదటి మడత మీద చిన్న అంటింపు, అదీ ఊడలేదు. కుళాయి నోటికి టేపు. చెత్తబుట్ట సంచిలో ఒక్క కాగితపు ముక్క లేదు. వాష్‌బేసిన్ పొడిగా, దుమ్ముతో ఉంది.

ఇవాళ ఈ గదిలోకి ఎవరూ రాలేదు.

రాలేరు కూడా. తాళం వేసి ఉంది. తాళంచెవి...

గుడ్రున్ చేతిలో దీపం కదలడం మానేసింది.

టెక్ల చెప్తూ చెప్తూ ఆగిన మాట ఇప్పుడు దానంతటదే పూర్తయింది. మరీ అంత అవసరమైతే నన్నడగండి, తాళం నా దగ్గరుంటుంది. పొద్దున అరిచి చెప్పాడు. బస్సు అదిరిపోయేలా అరిచినవాడికి మధ్యాహ్నానికి గొంతు ఎలా పోయింది? రోస్విత వినకుండా పోగొట్టుకున్నాడు.

బస్సు కదలక ముందు హైనిగ్ నోరు తెరుచుకుని చూసింది రోడ్డునీ కాదు, గోడనీ కాదు. డ్రైవరు సీట్లో కూర్చుంటున్న మనిషి ముఖాన్ని. కోర్టు బోనులో ఎప్పుడో చూసిన ముఖాన్ని.

బురుజు దగ్గర చెప్పులు విప్పమన్న అరుపు యాత్రికులంతా విన్నారు. విననివాడు ఒక్కడే, గుంపుతో పాటు నడవనివాడు. ఏ పక్కదారినో లోపలికొచ్చి, పెట్టెనిండా చెప్పులు చూసి, ఈ కోటలో అందరూ మెట్ల మీద కూడా ఇవే వేసుకుంటారనుకున్నవాడు. తలలు లెక్కపెట్టినా, పక్కసీటు అడిగినా, ఎవరి లెక్కలోకీ రానివాడు.

ఇక ఆ సున్నం. పెద్దాళ్ళు బస్సంతా తొక్కారన్నాడు. కానీ అతను తుడుస్తున్నది యాత్రికుడి కాలు పడే చోటు కాదు. బ్రేకు కింద. తన కాళ్ళ కింద.

గుడ్రున్ తిరిగి గడియ పట్టుకుంది.

బయట తాళం తిరిగిన చప్పుడయింది. టక్కున, ఒక్కసారే. తర్వాత మెట్లెక్కుతున్న బూట్ల చప్పుడు, నిదానంగా, తొందర లేకుండా. శవానికి చెప్పుల పట్టీ సరిచేసినంత నిదానంగా.

"లోథర్! తలుపు తియ్యి!" భుజంతో కొట్టింది. తలుపు కదల్లేదు. ఫోన్ తీసింది. ఆర్నో పేరు నొక్కింది. ఒకసారి మోగింది. రెండోసారి మోగింది. అవతల కట్ చేశారు.

ఇంజను పలికింది. గోడలు అదిరాయి. బస్సు తలుపులు రెండూ ఒకేసారి మూసుకున్న చప్పుడు, ఆ తర్వాత కాళ్ళ కింద నేల మెల్లగా వెనక్కి జరిగింది.

"ఏమండీ, ఎక్కడికి?" రోస్విత గొంతు, దూరంగా, ఇంకా అర్థంకాని గొంతు. "ఎవరూ రాలేదుగా! అయ్యో, ఇన్‌స్పెక్టర్ గారు! ఆవిడేరి?"

గుడ్రున్ రెండు పిడికిళ్ళతో తలుపు బాదుతూ ఆమె పేరు పెట్టి అరిచింది. ఇంజను మోతలో ఆ అరుపు ఆ నాలుగు గోడల మధ్యే ఉండిపోయింది.

అప్పుడు ఆమె తల మీదున్న స్పీకరు గరగరమంది. మైకులోంచి గొంతు వచ్చింది. బొంగురు లేదు, జలుబు లేదు. గట్టిగా, నిబ్బరంగా, బరువుగా ఉంది.

"ఆవిడ టాయిలెట్‌లో ఉన్నారు. అంతా వచ్చేశారు, పదండి."

తర్వాత రోస్విత కేక వినపడింది.